తనిఖీకి ముందురోజు

మా అత్తగారిని మా వీధిలో అందరూ ఫినాయిలమ్మ అంటారు. ఎదురుగా కాదు, ఆవిడ అటు తిరిగాక. పెద్దాసుపత్రిలో వార్డులు కడిగే పనిలో చేరి, పోనుపోను కడిగేవాళ్ళందరి మీదా అజమాయిషీ చేసే మనిషై, ఆ హోదాలోనే రిటైరైంది. ఉద్యోగం వదిలినా అజమాయిషీ వదల్లేదు, దాన్ని ఇంటికి మోసుకొచ్చింది. నేను వంటగట్టు తుడిచి ఇటు తిరగ్గానే ఆవిడ మళ్ళీ తుడుస్తుంది. కిటికీ చువ్వ మీద వేలు రాసి, ఆ వేలు కళ్ళ దగ్గర పెట్టుకుని చూసుకుంటుంది. పైకి ఒక్క మాట అనదు, నాకు మాత్రం అన్నీ వినబడతాయి. పెళ్ళయిన కొత్తలో ఏడ్చేదాన్ని, ఇప్పుడు పళ్ళు నూరుతున్నాను.

నాది జుట్టు పని. ఇంటి ముందుగదిలోనే చిన్న బ్యూటీ పార్లర్ పెట్టుకున్నాను. తిరిగే కుర్చీ ఒకటి, నిలువుటద్దం ఒకటి, తల వెనక్కి వాల్చి కడిగించుకునే బేసిన్ ఒకటి, అంతే నా సామ్రాజ్యం. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. రోడ్డు మీద హారన్ మోగిస్తాడేమో గానీ ఇంట్లో ఆయన గొంతు వినబడదు. తల్లికీ పెళ్ళానికీ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా బతుకుతున్నాడు, అందులో నా పాపం సగముంది, మిగతా సగం ఆవిడది. మాకొక పాప. ఇంకా బడి ఈడు రాలేదు.

మా వీధి చివర, ఇళ్ళు అయిపోయి బీడు మొదలయ్యే చోట, గ్యాస్ కంపెనీ దిగింది. భూమి లోపల ఎక్కడో లోతున నల్లరాయి ఉందట, ఆ రాయిలో గ్యాస్ ఇరుక్కుని ఉందట. అడిగితే రాయి ఇవ్వదు కాబట్టి, నీళ్ళలో ఇసకా ఏవేవో మందులూ కలిపి, లారీలంత పంపులతో లోపలికి కొట్టి, రాయిని పగలగొడతారు. ఆ పగుళ్ళలోంచి గ్యాస్ పైకి వస్తుంది. నీళ్ళలో కలిపే మందులేమిటని అడిగితే అది వ్యాపార రహస్యమన్నారు. మా కాళ్ళ కిందికి వాళ్ళ రహస్యాన్ని పంపించి, మమ్మల్ని నిశ్చింతగా పడుకోమన్నారు.

నచ్చజెప్పడానికి కంపెనీ తరఫున ఒకావిడ ఇల్లిల్లూ తిరిగేది. ఎవరెంత తిట్టినా మొహం మీద నవ్వు చెదరనివ్వదు, అందుకని చిరునవ్వు అని పేరు పెట్టాం. మా పార్లర్లో నా కుర్చీ మీదే కూచుని చెప్పింది, వాళ్ళ రాయి ఎక్కడో పాతాళంలో ఉంటుందట, మా బోర్లు పైపైనే ఉంటాయట, మధ్యలో బోలెడంత బండ ఉందట. మందులేమైనా మెట్లు కట్టుకుని ఎక్కొస్తాయా అంది. వాళ్ళు దింపిన గొట్టమే మా నీళ్ళని చీల్చుకుంటూ దిగిందని, ఆ గొట్టం చుట్టూ పోసిన సిమెంటు బీటలు వారితే వేరే మెట్లు అక్కర్లేదని అప్పుడు మాకు తోచలేదు. నవ్వుతూ చెబుతుంటే మేమూ నవ్వాం, సిగ్గులేక.

ఆ తర్వాత కొన్నేళ్ళు ఏమీ కాలేదు. పాప పుట్టింది. మా బోరు నీళ్ళంటే అత్తగారికి ఎంత గొప్పంటే, కొబ్బరినీళ్ళు కూడా వీటి ముందు దిగదుడుపే అనేది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో ఆవిడే వేయించింది ఆ బోరు, ఇల్లు కూడా ఆవిడ పేరు మీదే. పాపకి డబ్బా పాలు కలపడానికి నేను క్యాన్ నీళ్ళు తెస్తే, ఎవడో ఎక్కడో పట్టిన నీళ్ళు నా మనవరాలికా అని సింకులో ఒంపేసింది.

పోయిన ఎండాకాలం కుళాయి దగ్గడం మొదలుపెట్టింది. తిప్పితే ముందు ఖళ్ళుమని గాలి వచ్చేది, తర్వాత నీళ్ళు. బకెట్లో పడితే పాలలా తెల్లగా ఉండి, బుడగలన్నీ పైకి పోయాక తేటపడేవి. ఇంకొన్నాళ్ళకి వాసన తగులుకుంది. కుళ్ళిన గుడ్డుని పెట్రోలు బంకులో పగలగొట్టినట్టుండేది. షాంపూ ఎంత పోసినా నురగ రాదు, తల కడిగాక దువ్వెన దిగదు. పక్కవీధి టీచరమ్మ ఎప్పటినుంచో నా దగ్గరే రంగు వేయించుకునేది. ఒకరోజు కడిగేసరికి నల్లగా ఉండాల్సిన జుట్టు తుప్పురంగుకి తిరిగింది. ఆవిడ అద్దంలో చూసుకుని, డబ్బులు బల్ల మీద పెట్టి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

తాగడానికి క్యాన్లు కొనడం మొదలుపెట్టాం. వంటకీ స్నానాలకీ అంతంత కొనలేం కాబట్టి వాటికి బోరు నీళ్ళే. పాప వీపు మీద ఎర్రగా దద్దుర్లు లేచి, గోక్కుని గోక్కుని పుళ్ళు పడ్డాయి. అత్తగారు పొద్దునా సాయంత్రం దానికి మందు రాసేది, రాస్తూ నా పెంపకం మీద విసుక్కునేది. నేను కంపెనీ మీద విసుక్కునేదాన్ని. ఇద్దరి విసుగుకీ దొరికింది మా ఆయనొక్కడే.

మా పక్కింటి మేస్త్రి వీధికంతటికీ పెద్దదిక్కు. ఆయనే అందరి చేతా సంతకాలు పెట్టించి నీళ్ళ బోర్డు చుట్టూ తిరిగాడు. తిరగ్గా తిరగ్గా, దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు, బోర్డు ఆఫీసరు కదిలాడు. గ్యాస్ బావికి అన్నిటికన్నా దగ్గరున్న ఇంట్లో నీళ్ళు పట్టి పరీక్ష చేయిస్తామన్నాడు. అవి చెడ్డవని తేలితే, ఊళ్ళోంచి మా వీధి మొత్తానికీ మంచినీళ్ళ పైపు కంపెనీ ఖర్చుతో వేయించాలి. మంచివని తేలితే ఫైలు మూసేస్తారు. దగ్గరున్న ఇల్లు మాదే. వీధి వీధంతా మా కుళాయి మీద ఆశ పెట్టుకుంది, మేస్త్రి భార్య ఎప్పుడూ లేంది నన్ను వదినా అని పిలవడం మొదలుపెట్టింది.

ఫలానా రోజు వస్తామని ముందే కబురొచ్చింది. సరిగ్గా అదే రోజుకి చర్మం డాక్టరు పాపకి టైమిచ్చాడు. ఆయన దగ్గర ఒకసారి టైము తప్పితే మళ్ళీ దొరకడం గగనం. ఆయనుండే ఊరు దూరం కాబట్టి ముందురోజే పాపని తీసుకుని వెళ్ళాను, మా చెల్లెలింట్లో ఉండి చూపించుకొచ్చాను. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. తిరిగొచ్చి అడిగితే, వచ్చారు, పట్టుకున్నారు, వెళ్ళారు అని చెప్పింది అత్తగారు. నీళ్ళు పట్టడానికి ఇంకేం కావాలి, కుళాయి తిప్పితే చాలు కదా అనుకుని ఊరుకున్నాను.

కాగితం వచ్చింది. మేస్త్రి ఇంటి అరుగు ముందు అందరం పోగయ్యాం. చిరునవ్వు స్వయంగా ఆ కాగితం నకళ్ళు పంచిపెట్టింది, నకలుతో పాటు మనిషికొక నీళ్ళ సీసా. మేస్త్రి గట్టిగా చదివాడు. అన్నీ పరిమితికి లోబడే ఉన్నాయి, నీరు తాగడానికి యోగ్యం. చదవడం అయ్యాక ఆయన తల ఎత్తి కాగితం కేసి కాదు, నా కేసి చూశాడు. వెనకాల ఎవరో, కంపెనీ దగ్గర ఎంత తిన్నారో పాపం అన్నారు. ఎవరన్నారో చూద్దామని తిరిగితే, అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలూ మాయం.

ఇంటికొచ్చి వంటింట్లో అత్తగారి ముందు నిలబడ్డాను. ఆవిడ స్టవ్వు తుడుస్తోంది.

"ఆవేళ వాళ్ళు నీళ్ళు ఎందులోంచి పట్టారు అత్తయ్యా?"

"ఈ కుళాయిలోంచే. ఇంకెందులోంచి పడతారు?"

"వాసన రాలేదా?"

"ఎందుకొస్తుంది?" అంది, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు. "ముందురోజే ట్యాంకు ఖాళీ చేయించి, బ్లీచింగ్ పౌడర్ వేసి తోమించాను. బోరు ఆపేసి, ట్యాంకర్ నీళ్ళు తెప్పించి నింపించాను. వాళ్ళు వెళ్ళాక వాటితోనే ఇల్లంతా కడిగేసి మళ్ళీ బోరు వేశాను. తనిఖీకి వచ్చినవాళ్ళ చేతిలో ఆ కంపు నీళ్ళు ఎవరైనా పోస్తారా?"

నాకు కాళ్ళు చేతులు ఆడలేదు. తర్వాత నోరు ఆడింది, ఆపడం నా వల్ల కాలేదు. పరీక్ష చేసేది ఆవిడ పనితనాన్ని కాదని, నీళ్ళనని, ఆ నీళ్ళు కంపు కొట్టాలనే వీధి మొత్తం కళ్ళలో వత్తులు వేసుకుని చూసిందని అరిచాను. ఇంట్లో ఈగల మోత బయట పల్లకీల మోత అన్నట్టు బతికే మీ వల్ల నా పార్లరూ పోయె, పరువూ పోయె అన్నాను. ఆవిడ తుడిచే గుడ్డ కింద పెట్టలేదు. ఆసుపత్రిలో ముప్ఫయ్యేళ్ళు చేశాను, తనిఖీ రోజున నా వార్డులో వేలెత్తి చూపించినవాడు లేడు, నా ఇంట్లో చూపిస్తారా అంది.

ఆలోచిస్తే ఆవిడకి ఇంకో దారి తెలీదు. ఆసుపత్రికి పైనుంచి ఎవరైనా వస్తున్నారంటే ముందురోజంతా కడుగుడే. విరిగిన మంచాలు మేడ మీద దాచి, కారే కుళాయికి గుడ్డ చుట్టి, మరకలున్న గోడకి బీరువా అడ్డం జరిపి, వచ్చినవాళ్ళ చేత బాగుంది అనిపించుకుని పంపేవాళ్ళు. వాళ్ళు వెళ్ళాక మంచాలు మళ్ళీ కిందికి దిగేవి. తనిఖీ అంటే నిజం చూడ్డానికి వచ్చేదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నాకు ఇదంతా అర్థమైంది, అర్థమైనంత మాత్రాన కోపం తగ్గలేదు.

మేస్త్రి దగ్గరికెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నమ్మలేదు. కథలు మా దగ్గరా, ఇంత తెలివైన ఫినాయిలమ్మకి ఆ మాత్రం తెలీదా అన్నాడు. మర్నాడు పార్లర్ తలుపు తీసేసరికి గడప ముందు ఎవరో బకెట్టెడు బోరు నీళ్ళు కుమ్మరించి పోయారు, ముక్కు పగిలిపోయింది. ఒక్కరూ తల దువ్వించుకోవడానికి రాలేదు. మేస్త్రి భార్య వదినా అనడం మానేసి, నన్ను చూస్తే కిటికీ రెక్క వేసుకోవడం మొదలుపెట్టింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అచ్చం అదే.

నేనే నీళ్ళ బోర్డుకి వెళ్ళాను. ఆఫీసరు మంచివాడో చెడ్డవాడో నాకు తెలీదు, ఓపికైతే ఉంది. అంతా విని, మళ్ళీ పరీక్ష పెట్టాలంటే మొదటిది చెల్లదని తేలాలన్నాడు. ఆ మాట నేను చెబితే కుదరదట, బోరు ఎవరి పేరు మీదుందో ఆ మనిషి వచ్చి కంపెనీ ముందూ వీధివాళ్ళ ముందూ తన నోటితో చెప్పాలట. విచారణకి ఒక రోజు పెట్టాడు. ఆ రోజు ఆవిడ చెప్పకపోతే ఇక ఈ ఫైలు నేను తెరవను, నా చేతుల్లో లేదు అన్నాడు.

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే అత్తగారు రానంది. ట్యాంకు కడిగించానని చెప్పడానికి అభ్యంతరం లేదట, ఎందుకు కడిగించావంటే ఏం చెప్పాలి అంది. "నలుగురిలో నిలబడి నా ఇల్లు కంపని నా నోటితో చెప్పాలా? చచ్చినా చెప్పను."

మా ఆయన, పోనీలే అమ్మని వదిలెయ్, అన్నాడు. ఆయన నోరు తెరిచిన రెండు మూడు సందర్భాల్లో అదొకటి, తెరవకుండా ఉంటే బాగుండేది. నేను పాపని లాక్కొచ్చి, గౌను పైకెత్తి, ఆ వీపు ఆవిడ వైపు తిప్పాను. "మీ పరువు ఇదిగో, ఇక్కడుంది. దీనికి ఫినాయిల్ రాయండి," అన్నాను. పాప బెదిరి ఏడ్చింది. అత్తగారు ఆ వీపుని రోజూ చూసేదే, రెండు పూటలా మందు రాసేదే. గౌను కిందికి లాగి, పాపని ఎత్తుకుని పక్కగదిలోకి పోయింది. ఆ తర్వాత విచారణ రోజు దాకా మా ఇద్దరికీ మాటల్లేవు.

ఆ రోజు పొద్దున నేను ఒక్కదాన్నే బయల్దేరబోతుంటే, ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. వస్తున్నానని చెప్పలేదు, నేనూ అడగలేదు. బస్సులో ముందు సీట్లో ఆవిడ, వెనక సీట్లో నేను.

నీళ్ళ బోర్డు మేడ మీద పొడవాటి గది. ఒక పక్క బెంచీల మీద మేస్త్రీ, మా వీధివాళ్ళూ కూచున్నారు, మమ్మల్ని చూసి జరిగారు, చోటివ్వడానికి కాదు, తగలకుండా. ఇంకో పక్క చిరునవ్వు, ఆమె వెనక ఫైళ్ళు పట్టుకున్న ఇద్దరు. ఆఫీసరు అత్తగారిని బల్ల దగ్గరికి పిలిచి, జరిగింది చెప్పమన్నాడు. ఆవిడ చెప్పింది. ట్యాంకు ఖాళీ చేయించాను, కడిగించాను, ట్యాంకర్ నీళ్ళు పోయించాను. వార్డు పని అప్పజెప్పినట్టు చెప్పింది, ఒక మాట ఎక్కువా లేదు, తక్కువా లేదు. నీళ్ళు ఎలా ఉండేవో మాత్రం చెప్పలేదు.

చిరునవ్వు లేచింది. ఎంత గౌరవంగా మాట్లాడిందో చెప్పలేను. నీళ్ళు పట్టడానికి వచ్చిన కుర్రాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారట, ఆ వీధిలో అంత శుభ్రమైన ఇల్లు ఇంకోటి లేదని, వంటింట్లో నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చని. ఇంత శుభ్రంగా ఉండేవాళ్ళ ఇంట్లో నీళ్ళు కంపు కొడతాయంటే ఎవరు నమ్ముతారు, పక్కనున్న వాళ్ళెవరో పెద్దావిడ చేత ఇలా చెప్పిస్తున్నారేమోనని బాధగా ఉంది అంది. ఒకసారి నీళ్ళు మార్చామని ఒప్పుకున్న ఇంట్లో, రెండోసారి ఏం కలుపుతారో ఎవరికి తెలుసని కూడా అంది, అదీ నవ్వుతూనే. తర్వాత అత్తగారి వైపు వంగి అడిగింది.

"మీరే చెప్పండమ్మా. మీ ఇల్లు శుభ్రంగానే ఉంటుంది కదా?"

అత్తగారి మొహం వెలిగింది. నేను చూశాను. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా అనని మాట, కొడుకు కూడా అనని మాట, ఆ నవ్వు మొహం అనేసింది. అయిపోయింది, మునిగాం అనుకున్నాను. మేస్త్రి తల పట్టుకున్నాడు.

"శుభ్రంగానే ఉంటుంది," అంది అత్తగారు.

చిరునవ్వు ఆఫీసరు కేసి చూసి, ఇక చాలు కదా అన్నట్టు కూచోబోయింది.

"ఉండమ్మా, కూచోకు. నేనింకా అవజేయలేదు." ఆవిడ గొంతు పెద్దదైంది, ఆసుపత్రిలో ఆ చివరి వార్డు దాకా వినబడిన గొంతది. "మా ఇల్లు కంపు. తలుపు తీస్తే కంపు. కుళాయి తిప్పితే కంపు, తడిగుడ్డ కంపు, పిల్ల నెత్తిన చెయ్యేస్తే నా చెయ్యి కంపు. రోజూ కడుగుతున్నాను, కడిగే నీళ్ళే కంపయితే దేంతో కడగను? శుభ్రం నాది. కంపు మీది. నాది నేను ఒప్పుకున్నాను. మీది ఎప్పుడు ఒప్పుకుంటారు?"

అంతసేపూ బల్ల అంచు పట్టుకుని నిలబడిందని, ఆవిడ వేళ్ళు తెల్లబడ్డాయని నాకు అప్పుడు కనిపించింది. వెనక్కి వచ్చి నా పక్కన కాదు, బెంచీ ఆ కొసన కూచుంది. నేను ఏదో అనబోతే, మాట్లాడకు అన్నట్టు చెయ్యి చూపించింది.

ఆఫీసరు రెండో పరీక్షకి ఒప్పుకున్నాడు. ఈసారి ట్యాంకుతో పనిలేదు, నేరుగా బోరు పంపు దగ్గరే పడతారు. ఎప్పుడొస్తారో చెప్పరు. మళ్ళీ ఏదో కలిపారని కంపెనీ వంక పెట్టకుండా, అప్పటిదాకా బోరునీ ట్యాంకునీ ఎవరూ ముట్టుకోకూడదు, కడగకూడదు. కంపెనీకి ఇష్టం లేకపోయినా కాదనే వీల్లేకపోయింది.

ఇక మా ఇంట్లో నరకం మొదలైంది. రేపొస్తారో ఎల్లుండొస్తారో తెలీదు. ట్యాంకు అడుగున నల్లటి జిగట పేరుకుంటోంది, కుళాయిల మూతుల దగ్గర పసుపుపచ్చ పొర కడుతోంది. అత్తగారు బ్రష్షు తీసుకుని మేడ మెట్ల దాకా వెళ్ళి, అక్కడే నిలబడి, దిగొచ్చేది. కడగకూడనివి ట్యాంకూ బోరూ మాత్రమే, నేల తుడుచుకోవచ్చని చెప్పాను. తుడిస్తే అలవాటులో మిగతాది కూడా తుడిచేస్తానేమోనని భయమంది. వీధివాళ్ళు ఒక్కొక్కరే మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. మేస్త్రి భార్య ముక్కు మూసుకుని వంటింట్లోకి తొంగి చూసి, అవును వదినా, మా ఇంటికన్నా మీ ఇల్లే ఘోరం, అని సంబరంగా అంది. అలా అంటుంటే అత్తగారు అక్కడే నిలబడి విన్నది. నా చేతిలో ఏదైనా ఉంటే దాని మొహాన కొట్టేదాన్ని.

ఒక ఉదయం వాళ్ళొచ్చారు. బోర్డు మనిషి ఒకడు, కంపెనీ మనిషి ఒకడు. పంపుకి సన్నగొట్టం తగిలించి, సీసాలని బకెట్లో నీళ్ళలోనే ముంచి నింపి, లోపల ఒక్క బుడగ లేకుండా అక్కడే మూతలు బిగించారు. గాలి తగిలితే గ్యాస్ ఎగిరిపోతుందట. మొదటిసారి వచ్చినవాళ్ళకి ఇంత శ్రద్ధ ఎందుకు లేకపోయిందో నేను అడిగాను, ఇద్దరూ సీసాలు పెట్టెలో సర్దుకున్నారు. వాళ్ళు గేటు దాటగానే అత్తగారు బ్రష్షు తీసుకుని మేడెక్కింది.

ఫలితాన్ని ఆఫీసరు స్వయంగా తెచ్చాడు. మళ్ళీ అదే మేస్త్రి అరుగు. ఈసారి ఆయన చదవక్కర్లేకపోయింది, ఆఫీసరు మొదటి మాటే, నీరు తాగడానికి పనికిరాదు అన్నాడు. వీధి ఒక్కసారిగా కేక పెట్టింది. ఎవరో చప్పట్లు కొట్టారు, అందరూ అందుకున్నారు. మేస్త్రి వచ్చి అత్తగారి చేతులు రెండూ పట్టుకుని, అనరాని మాటలన్నాం, మనసులో పెట్టుకోకండి పెద్దమ్మా, అన్నాడు. నాకూ కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఇన్నాళ్ళూ ఆ కాగితం మీద చెడ్డగా రాసి రావాలని నేను కోరుకున్నంత గట్టిగా ఎవరూ కోరుకుని ఉండరు.

అత్తగారు మాత్రం ఆఫీసరు దగ్గరికెళ్ళి, అందులో ఏమేం ఉన్నాయో చెప్పమంది. ఆయన వేలు పెట్టి చూపిస్తూ చెప్పాడు. మీథేన్, బేరియం, బెంజీన్. ఒక్కొక్కటీ ఉండాల్సిన దానికి ఎన్ని రెట్లుందో చెప్పాడు. బెంజీన్ అంటే ఏమిటని నేనడిగాను. రక్తానికి మంచిది కాదమ్మా అన్నాడు, అంతకన్నా విడమరచలేదు.

"ఎప్పట్నుంచీ ఉన్నాయి బాబూ ఇవి?" అంది అత్తగారు. "వాసనొచ్చింది మొన్న ఎండాకాలంలో. అప్పట్నుంచేనా?"

ఆయన కాసేపు కాగితం మడత పెట్టాడు, విప్పాడు. వాసనతో లెక్క లేదన్నాడు. వాసన వచ్చేది వేరేది, అది ఆఖర్న రావచ్చు, మిగతావి రంగూ రుచీ లేకుండా ఎప్పుడో కలిసి ఉండొచ్చు, మొదటి బావి తవ్వినప్పటి నుంచైనా కావచ్చు, చెప్పలేమన్నాడు. మొదటి బావి తవ్వింది పాప పుట్టకముందు. నా చెవుల్లో చప్పట్లు ఆగిపోయాయి. పాప నా వేలు పట్టుకుని నిలబడి, అందరూ కొడుతున్నారని తనూ చప్పట్లు కొట్టడానికి చెయ్యి విడిపించుకుంటోంది. డబ్బా పాలు, గంజినీళ్ళు, జ్వరమొస్తే కాచి చల్లార్చి చెంచాతో తాగించిన నీళ్ళు, అన్నీ ఆ బోరువే. అత్తగారు సింకులో ఒంపేసిన క్యాన్ గుర్తొచ్చి ఆవిడ వైపు తిరిగాను. ఆవిడ అప్పటికే నన్నే చూస్తోంది, అనమన్నట్టు. అనలేకపోయాను.

కంపెనీ కారు వచ్చి ఆగింది. చిరునవ్వు దిగి అందరికీ నమస్కారాలు పెట్టింది. బోర్డు నిర్ణయాన్ని గౌరవిస్తున్నామని, పైపు పని త్వరలోనే మొదలవుతుందని, వీధి వీధంతా కలిసి సాధించుకున్నారని మెచ్చుకుంది. అత్తగారి దగ్గరికొచ్చి, ఇక మీ ఇంటికి మంచినీళ్ళు వస్తాయమ్మా, మీకు సంతోషమే కదా అంది.

అత్తగారు పాప వీపు మీద చెయ్యి వేసి, దాన్ని తన ముందుకి జరుపుకుంది.

"ఇల్లయితే కడుక్కుంటానమ్మా," అంది. "దీని లోపల ఎలా కడగను, చెప్పి వెళ్ళు."

చిరునవ్వు పాప వైపు చూసి, బుగ్గ నిమరబోయింది. అత్తగారు ఆ చేతిని మధ్యలోనే తోసేసింది. మంచి డాక్టరుకి ఒకసారి చూపించండని సలహా చెప్పి ఆమె కారెక్కింది. మేస్త్రి అరుగు మీద అప్పటికే టీలు పోస్తున్నారు, మమ్మల్ని రమ్మని పిలుస్తున్నారు. నేను పాపని ఎత్తుకుని ఇంట్లోకి నడిచాను. అత్తగారు నా వెనకే వచ్చి తలుపు వేసింది.